ఉద్యోగం మానేసి తోటపనిలోకి వస్తున్నారా? ముందు ఒక గొయ్యి తవ్వండి

నమస్తే. "కార్పొరేట్ ఉద్యోగం వదిలేసి గార్డెన్ డిజైన్‌లోకి వచ్చేస్తాను, ఇక హాయిగా మొక్కల మధ్య బతుకుతాను" అని ఎవరో ఒకరు నాతో అంటూనే ఉంటారు. ఆ కోరికతో నాకు పేచీ లేదు, నేనూ ఆ దారినే వచ్చాను. కానీ దాని వెనకున్న అపోహ మాత్రం నాకు నిజంగా చిరాకు తెప్పిస్తుంది. డిజైన్ అంటే ఏ మొక్క పక్కన ఏ మొక్క అందంగా ఉంటుందో చూసి కాగితం మీద బొమ్మ గీయడమే అనుకుంటారు. బొమ్మ గీయడం కోర్సుల్లో నేర్పుతారు. అసలు పని నేలలో ఉంది. అందుకే ఇవాళ ఒకే ఒక్క గొయ్యి గురించి మాట్లాడతాను.

స్థలం చూడ్డానికి వెళ్ళేటప్పుడు టేపు, గునపం, బకెట్ వెంట తీసుకెళ్ళండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గొయ్యి తవ్వి, అంచు దాకా నీళ్ళు పోయండి. ఇంకేదాకా ఆగండి. చాలామంది ఇక్కడే "అబ్బ, ఎంత త్వరగా ఇంకాయో, నేల బ్రహ్మాండం" అనేసి లేచిపోతారు. ఆ మొదటి నీళ్ళను నమ్మొద్దు. ఎండిన నేల, బంకమన్నైనా సరే, పగుళ్ళలోంచి గటగటా తాగేస్తుంది. ఇప్పుడు రెండోసారి నింపండి. గొయ్యికి అడ్డంగా ఒక కర్ర వేసి, అక్కణ్ణుంచి నీటి మట్టం దాకా స్కేలుతో కొలవండి. గంటాగి మళ్ళీ కొలవండి. గంటకు 1 నుంచి 3 అంగుళాలు దిగితే ఎక్కువ మొక్కలకు సుఖం. అంగుళం కూడా దిగకపోతే వేళ్ళకు గాలి ఆడదు. 4 అంగుళాలు దాటితే తడి నిలవదు, పోషకాలు కూడా నీటితో పాటే కిందికి పోతాయి. నేల నిజం చెప్పేది ఆ రెండో నీళ్ళకే.

తవ్వి తీసిన మట్టిని పారేయకండి. గుప్పెడు తీసుకుని, తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీయండి. 2 అంగుళాలు దాటినా తెగలేదంటే బంక బాగా ఉన్నట్టు. ఒకసారి వాసన కూడా చూడండి. కుళ్ళిన గుడ్డు కంపు కొడుతూ, మట్టి బూడిదరంగుకు తిరిగి ఉంటే అక్కడ నీరు చాలాకాలంగా నిలుస్తోందని అర్థం. అలాంటి చోట ఎంత ఖరీదైన మొక్క నాటినా వేరు కుళ్ళుతుంది. ఆకు వాడింది కదా అని ఇంటివాళ్ళు ఇంకా నీళ్ళు పోస్తారు, మొక్క ఇంకా త్వరగా పోతుంది. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ గంట ఓపిక పట్టి ఉంటే ముందే తెలిసేది.

నేల బాగోలేకపోతే పని మానుకోవాలా? అక్కర్లేదు. ఇంగ్లండ్‌లో వాన తక్కువ పడే ఎసెక్స్ ప్రాంతంలో బెత్ చాటో అనే తోటల నిపుణురాలు తన పాత కార్ పార్కింగ్ స్థలాన్ని 1990ల మొదట్లో తోటగా మార్చారు. బండ్లు తిరిగి తిరిగి గట్టిపడిపోయిన గులకనేల అది. ముందు ఆ గట్టిదనాన్ని లోతుగా పెళ్ళగించి, కంపోస్టు కలిపి, నీటిఎద్దడి తట్టుకునే మొక్కల్నే ఎంచుకున్నారు. అవి వేళ్ళు పట్టాక ఇక నీళ్ళు పెట్టలేదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన తోట ఇదే. నేలను మొక్కకు తగ్గట్టు మార్చడం కాదు, నేలకు తగ్గ మొక్కను వెతకడం డిజైనర్ పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు ఆ గొయ్యి పాఠాన్నే తోట మొత్తానికి పెట్టి చూడండి. కొత్తగా నాటిన తోట మొదటి నెల కళకళలాడుతుంది. కుండీలోని మంచి మట్టి, నర్సరీ ఎరువు ఇంకా పనిచేస్తుంటాయి కాబట్టి. ఫొటోలన్నీ అప్పుడే తీస్తారు. అది మొదటి నీళ్ళు. వేసవి వచ్చి వెళ్ళాక ఏం మిగిలిందన్నది రెండో నీళ్ళు. ఆఫీసులో డెలివరీతో ప్రాజెక్ట్ అయిపోతుంది. ఇక్కడ అప్పగించిన రోజే పని మొదలవుతుంది.

మీ నిర్ణయమూ అంతే. రాజీనామా చేసిన కొత్తలో ఉత్సాహం ఎంత పోసినా ఇంకిపోతుంది. రెండో విడత, అంటే జీతం పడని నెల, జ్వరంతో రాని కూలీ, ఎండలో చేసిన కత్తిరింపు, ఇవన్నీ వచ్చినప్పుడు మనసు ఎంత పీలుస్తుందో చూసుకోవాలి. అందుకే ఉద్యోగం ఉండగానే, సెలవు రోజుల్లో, ఒక తోట నిర్వహణలో అన్ని రుతువులూ పనిచేయండి. డిజైన్ కోర్సు ఆ తర్వాత. ఈ వరస తిరగేయొద్దని బతిమాలి చెప్తున్నాను. కలుపు తీసిన చేతికే ఏ మొక్క ఎంత పాకుతుందో తెలుస్తుంది.

ఆఫీసు అనుభవం వృథా పోదు. పని పరిధి రాసుకోవడం, కుదరదని మర్యాదగా చెప్పడం, ఫోన్ చేసి వెంటపడటం, ఇవన్నీ ఇక్కడా కావాలి. ఒక్క అలవాటు మాత్రం మానాలి, ఎక్కువమందిని పెడితే పని త్వరగా అవుతుందనే ఆలోచన. చెట్టుకు అది వర్తించదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. మొక్కను నర్సరీలో ఉన్న సైజుతో కాదు, పూర్తిగా ఎదిగిన సైజుతో ప్లాన్‌లో గీయండి. చెట్టు మొదలు దగ్గర వేళ్ళు విచ్చుకునే చోటు నేలపైకి కనపడాలి, దాన్ని మట్టితో కప్పేయకండి. మొక్క నాటే గొయ్యికి లోతు కన్నా వెడల్పు ఎక్కువ ఉండాలి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. పైకప్పు కొలత తెలిస్తే ఎన్ని నీళ్ళు పట్టుకోవచ్చో లెక్కేయొచ్చు. ఒప్పందంలో మొదటి ఏడాది నీళ్ళు ఎవరు పెడతారో, చచ్చిన మొక్క ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాయించండి, గొడవలు చాలావరకు అక్కడే వస్తాయి. నడుం, మోకాళ్ళు జాగ్రత్త. ఫీజు ఎలా లెక్కకట్టాలన్నది పెద్ద విషయం, దానికి వేరే వీడియో చేస్తాను.