పొట్ట మీద కుట్లు లేవు, మరి పేగు ఎందుకు మూసుకుపోయింది?

[దృశ్యం: గోదావరి పాయ, తెల్లవారుజాము. లంక నుంచి రేవుకి వస్తున్న పడవ]

లంకలో ఒక మామ్మగారు ఉన్నారనుకుందాం. డెబ్బై అయిదు దాటాయి, బక్కపల్చటి మనిషి. రెండు రోజులుగా కడుపునొప్పి తెరలు తెరలుగా వస్తోంది. వాంతులు, పొట్ట ఉబ్బరం. విరేచనం లేదు, గాలి కూడా పోవట్లేదు. గ్యాస్ అనుకుని ఇంట్లోవాళ్లు వాము నీళ్లు పట్టారు. ఎవరో ఆముదం తాగించమన్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి. దారి మూసుకుపోయిన పేగుకి విరేచనాల మందు ఇస్తే నొప్పి, వాంతులు పెరుగుతాయి తప్ప దారి తెరుచుకోదు.

[దృశ్యం: పొట్ట బొమ్మ, ఉబ్బిన చిన్నపేగు]

ఇలాంటప్పుడు డాక్టర్లు ముందు చూసేది పాత ఆపరేషన్ మచ్చ. ఆపరేషన్ తర్వాత పేగులు అతుక్కుపోవడమే చిన్నపేగు అడ్డంకికి పెద్ద కారణం. తర్వాత హెర్నియా, గడ్డలు. మన దేశంలో పేగు టీబీని కూడా ఈ వరసలోనే పెట్టాలి. మామ్మగారికి మచ్చ లేదు. గజ్జల్లో ఉబ్బు లేదు. అసలు వెతుకులాట ఇక్కడే మొదలవుతుంది.

"మామ్మగారూ, నొప్పి పొట్టలోనేనా అండీ?"

"కుడి తొడ లోపల కూడా లాగేస్తోంది బాబూ, మోకాలి దాకా. కీళ్ల నొప్పులనుకున్నాను."

ఆ ఒక్క మాట చాలా విలువైంది. కటి ఎముకలో ఆబ్ట్యురేటర్ అనే నరం బయటికి వెళ్లే చిన్న సందు ఉంటుంది. బాగా చిక్కిపోయిన వృద్ధ స్త్రీలలో అక్కడి కొవ్వు కరిగిపోయి, పేగు ఆ సందులోకి జారుతుంది. లోతుగా ఉంటుంది కాబట్టి పైకి కనపడదు. నరం నొక్కుకుపోయి తొడ లోపలి వైపు నొప్పి పుడుతుంది. దీన్ని హౌషిప్-రాంబర్గ్ గుర్తు అంటారు. అందరిలోనూ ఉండదు, అందుకే స్కాన్ కావాలి.

[దృశ్యం: ఎక్స్‌రే, పక్కనే సీటీ స్కాన్]

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి, నీటి మట్టాలు కనపడతాయి. చిన్నపేగు వెడల్పు 3 సెంటీమీటర్లు దాటితే ఉబ్బినట్టే. పేగు మూసుకుందని ఎక్స్‌రే చెప్పొచ్చు, ఎందుకన్నది చాలాసార్లు చెప్పలేదు. సీటీలో ఉబ్బిన పేగుని పట్టుకుని, అది సన్నబడే చోటు దాకా వెళ్తారు. దోషి సాధారణంగా అక్కడే దొరుకుతుంది.

ఒక్కోసారి అక్కడ ఉండేది రాయి! పిత్తాశయంలోని పెద్ద రాయి గోడని తొలుచుకుని పేగులో పడి, చిన్నపేగు చివర ఇరుక్కుంటుంది. పిత్తనాళాల్లో గాలి, ఉబ్బిన పేగు, ఉండకూడని చోట రాయి. ఈ మూడు గుర్తుల్నీ రిగ్లర్ అనే ఎక్స్‌రే డాక్టరు 1941లోనే చెప్పాడు.

మరోసారి అది పీచు ఉండ. పళ్లు లేనివాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు, షుగర్ వల్ల జీర్ణాశయం నెమ్మదించినవాళ్లు పీచు సరిగా నమలకుండా మింగితే ఇలా అవ్వచ్చు. తేగలు మానెయ్యమని కాదండీ, ఆ మాటంటే కోనసీమలో నన్ను ఎవరూ రానివ్వరు! పళ్లసెట్టు పెట్టుకుని నమలండి, పీచు ఊసెయ్యండి.

పేగులోకి పేగు దూరడం పిల్లల జబ్బు అనుకుంటాం. పెద్దవాళ్లలో అరుదే. వాళ్లలో చాలాసార్లు లోపల ఏదో గడ్డ ఉండి పేగుని లాగుతుంది, కాబట్టి పిల్లల్లోలా గాలి ఎక్కించి సరిచేసి ఊరుకోరు. చాలామందికి ఆపరేషనే.

[దృశ్యం: అంబులెన్స్]

తెరలుగా వచ్చే నొప్పి ఎడతెగకుండా మారినా, జ్వరం వచ్చినా, నాడి వేగం పెరిగినా పేగుకి రక్తం అందట్లేదేమోనని అనుమానించాలి. ఇక ఆలస్యం చేసే వీల్లేదు. దగ్గరి ఆసుపత్రిలో సెలైన్ పెట్టించి, ముక్కులోంచి గొట్టం వేయించి, సర్జన్, సీటీ ఉన్న కాకినాడకో రాజమండ్రికో బయల్దేరండి. నోటికి ఏమీ ఇవ్వొద్దు. పాత స్కాన్ రిపోర్టులు, మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. ఈ నాలుగు రోజుల్లో ఏం తిన్నారో, ఇంకెక్కడైనా నొప్పి ఉందో డాక్టరు అడక్కపోయినా చెప్పండి.