తప్పిపోయిన గాడిదలు

శ్రోతలందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఇవాళ గాడిదల గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, నిజంగానే గాడిదల గురించే, బైబిల్లో మొదటి సమూయేలు తొమ్మిదో అధ్యాయంలో ఉన్న గాడిదలు. కాకపోతే అక్కడికి వెళ్లేముందు ఒక మాట చెప్పేస్తాను, లేకపోతే నాకు మనసు ఊరుకోదు.

మన కూడికల్లో సాక్ష్యం టైంలో ఒకటి తరచుగా వింటుంటాం. "బస్సు మిస్సయింది బ్రదర్, బాగా విసుక్కున్నాను, తర్వాత తెలిసింది ఆ బస్సుకి యాక్సిడెంట్ అయిందని, దేవుడు నన్ను తప్పించాడు." అందరం స్తోత్రం అంటాం, నేనూ అంటాను. అనకుండా ఎలా ఉంటాం, మనిషి బతికి వచ్చి ఎదురుగా నిలబడితే! కానీ ఆ బస్సు మిస్సవకుండా ఎక్కినవాళ్లు కూడా ఉంటారు కదా, వాళ్లలో కూడా పొద్దున్నే మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుని బయల్దేరినవాళ్లు ఉంటారు కదా. లూకా పదమూడులో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ప్రభువే ఎత్తి, వాళ్లు యెరూషలేములో ఉన్న మిగతా వాళ్లందరికన్నా పెద్ద అపరాధులనుకుంటున్నారా అని అడిగి, కాదు అని ఆయనే చెప్పాడు. అందుకని చెప్తున్నా, ఇబ్బంది వచ్చినప్పుడల్లా దాని వెనక నాకోసం దాచిన లాభం ఏదో ఉంటుంది అని వెతకడం నాకు కొంచెం భయంగా ఉంటుంది. మరి ఏం వెతకాలి? అక్కడే గాడిదలు వస్తాయి.

కీషు అని బెన్యామీను గోత్రంలో ఒకాయన, కలిగినవాడు, ఆయన గాడిదలు తప్పిపోయాయి. యుద్ధం కాదు, కరువు కాదు, గాడిదలు. మన భాషలో చెప్పాలంటే పొద్దున్నే చూస్తే బండి కనబడలేదు. కొడుకు సౌలుని పిలిచి, పనివాణ్ని ఒకణ్ని తోడు తీసుకుని వెళ్లి వెతకరా అన్నాడు. సౌలు మంచి పొడగరి, అందగాడు, జనంలో నిలబడితే అందరికన్నా భుజాల పైకి ఎత్తు కనబడతాడు, అలాంటివాడు వెళ్లి ఊరూరా గాడిదల్ని చూశారా అని అడుక్కుంటూ తిరగాలి. ఎఫ్రాయిము మన్యం తిరిగారు, లేవు. షాలిషా దేశం తిరిగారు, లేవు. షయలీము దేశం తిరిగారు, అక్కడా లేవు. బెన్యామీను దేశమంతా తిరిగారు, లేవు. సంచిలో రొట్టెలు కూడా అయిపోయాయి. బైబిల్ ఈ "లేవు, లేవు" అనే మాటని ఎంత ఓపిగ్గా రాసిందో చూడండి, మన ట్రాఫిక్ లాగే అడుగడుగునా ఆగుతుంది ఆ కథ.

సూపు దేశానికి వచ్చేసరికి సౌలు చేతులెత్తేశాడు. ఏమన్నాడో చూడండి, "పద వెళ్లిపోదాం, నాన్న ఈపాటికి గాడిదల సంగతి వదిలేసి మన గురించి కంగారు పడుతుంటాడు." మంచి కొడుకు మాట అది. తర్వాత సౌలు జీవితం ఎటు పోయిందో మనకి తెలుసు, అది ఇంకో రోజు మాట్లాడుకునే కథ, కానీ ఈ రోజుకి మాత్రం మంచి కొడుకే.

అప్పుడు ఆ పనివాడు నోరు విప్పాడు. ఈ ఊళ్లో దైవజనుడు ఒకాయన ఉన్నాడు, ఆయన చెప్పింది జరుగుతుంది, ఒకసారి అడుగుదాం అన్నాడు. సౌలు, ఆయనకి ఇవ్వడానికి మన దగ్గర ఏముంది, ఏమీ లేదు అన్నాడు. పనివాడు, నా దగ్గర పావు తులం వెండి ఉంది, అది ఇద్దాం అన్నాడు. యజమాని కొడుకు దగ్గర ఏమీ లేదు, పనివాడి దగ్గర పావు తులం ఉంది! ఎన్నాళ్లు దాచుకున్నాడో, దేనికి దాచుకున్నాడో, రాయలేదు. తనవి కాని గాడిదల కోసం తీసి ఇచ్చేస్తానంటున్నాడు.

సరే, ఊరి మెట్ట ఎక్కుతుంటే నీళ్లు చేదుకోడానికి వస్తున్న అమ్మాయిలు ఎదురొచ్చారు. దీర్ఘదర్శి ఉన్నాడా అమ్మా అని అడిగితే, ఉన్నాడు, మీ ఎదురుగానే, త్వరగా వెళ్లండి, ఇవాళ బలి ఉంది, ఆయన భోజనానికి పైకి వెళ్లిపోతాడు, వచ్చి ఆశీర్వదించేదాకా జనం తినరు, ఇప్పుడే వెళ్తే దొరుకుతాడు అని గబగబా చెప్పారు. ఖాళీ కడవలు పట్టుకుని నీళ్లకి వెళ్తున్న పిల్లలు, పని ఆపి నిలబడి, దారీ టైమూ రెండూ చెప్పారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ దైవజనుడే సమూయేలు. ముందు రోజే దేవుడు ఆయన చెవిలో చెప్పేశాడు, రేపు ఈ వేళకి బెన్యామీను దేశం నుంచి ఒక మనిషిని నీ దగ్గరికి పంపుతాను, నా జనం మీద అధికారిగా అతన్ని అభిషేకించు అని. అంటే సౌలు అన్ని కొండలు ఎక్కి దిగి అలిసిపోతున్నప్పుడు, దేవుడి లెక్కలో అతను సరిగ్గా టైంకే వస్తున్నాడు. సమూయేలు కూడా ఎంత మామూలుగా అంటాడో, మూడు రోజుల కింద తప్పిపోయిన గాడిదల గురించి విచారపడకు, అవి దొరికాయి అంటాడు. గాడిదల విషయం ఒక్క వాక్యంలో అయిపోయింది.

అందరూ ఇక్కడ సౌలుని చూస్తారు. చూశారా, గాడిదల కోసం వెళ్తే రాజ్యం దొరికింది, మీకూ దొరుకుతుంది, హల్లెలూయ, అంటారు. నాకు మాత్రం ఆ పనివాడు కావాలి. మర్నాడు పొద్దున ఊరి చివర సమూయేలు అంటాడు, పనివాణ్ని ముందు వెళ్లమను, నువ్వు ఆగు అని. వాడు ముందుకి వెళ్లిపోయాడు, ఆ తర్వాతే సమూయేలు సౌలు తల మీద తైలం పోసింది. ఎవరి మాట వల్ల అక్కడికి వచ్చారో ఆ మనిషి అభిషేకం చూడలేదు. వాడి పేరు కూడా రాయలేదు. నీళ్లకొచ్చిన అమ్మాయిలకైతే, తాము ఎవరికి దారి చెప్పారో ఆ రోజు తెలిసే అవకాశమే లేదు.

అందుకని నేను ఏమంటున్నానంటే, మనకొచ్చిన ఇబ్బందిలో దేవుని ఉద్దేశం ఉంది, ఉంది, కానీ అందులో మనం సౌలే అవ్వాలని ఏం రాసిపెట్టి లేదు. ఆ పనివాడో నీళ్లకొచ్చిన అమ్మాయో కూడా అయ్యుండొచ్చు.

నీళ్లు అన్నాను కాబట్టి మన బెంగళూరు నీళ్ల సంగతి. 2024 వేసవి గుర్తుందా? ముందు ఏడాది వానలు సరిగ్గా పడక బోర్లు ఎండిపోయి, తాగే నీళ్లతో కారు కడిగితే ఐదు వేలు ఫైన్ అన్నారు. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల నుంచి ఎత్తిపోసి తెస్తున్న ఊరు మనది, పైపు రాని ఏరియాలకి ట్యాంకరే దిక్కు. ఇదంతా దేవుని చిత్తం అని నేను అనను, చెరువులు పూడ్చి లేఅవుట్లు వేసింది మనుషులు, ఆ లెక్క ఆయన మీదకి తోసేయకూడదు.

ఆ వేసవిలో కేఆర్ పురం వైపు మా వీధిలో పొద్దున రావాల్సిన ట్యాంకర్ ఒక రోజు రాత్రికి వచ్చింది. అందరం గేటు దగ్గర, బిందెలు, బకెట్లు, పెయింట్ డబ్బాలు, ఎవరి మొహంలో చూసినా కోపమే. డ్రైవర్ దిగీ దిగగానే నలుగురు కన్నడలో, ఇద్దరు హిందీలో తగులుకున్నారు. అతను పైపు తగిలిస్తూ తనలో తాను తెలుగులో ఏదో గొణిగాడు. కింద పోర్షన్ పెద్దమ్మ విన్నది. "ఏ ఊరు నాయనా మీది?" అన్నది. పుంగనూరు పక్కన అమ్మా అన్నాడు. పొద్దున్నుంచి బోరు దగ్గర లైన్లోనే ఉన్నాడంట, ఏమీ తినలేదంట. పెద్దమ్మ లోపలికెళ్లి చెంబు నిండా మజ్జిగ తెచ్చి ఇచ్చింది, ఉప్పేసి. అది తాగి, అతను చొక్కా జేబులోంచి చెమటకి తడిసిన కాగితం ఒకటి తీసి, ఇది ఎవరైనా చదువుతారా అమ్మా అన్నాడు. పాపకి రాసిన హాస్పిటల్ చీటీ. రెండో అంతస్తులో మన తెలుగు నర్సు అమ్మాయి ఉంది, ఆ అమ్మాయి కూడా బిందె పట్టుకుని లైన్లోనే ఉంది కదా, వీధి లైటు కింద ఆ చీటీ చదివి, అన్నా ఇది స్కానింగ్, రేపు పొద్దున ఏమీ తినిపించకుండా తీసుకెళ్లాలి, ఫస్ట్ ఈ కౌంటర్లో బిల్లు కట్టాలి, తర్వాత అక్కడ, అని చెప్పింది. వెనక ఖాళీగా ఉన్నచోట తెలుగులో రాసి ఇచ్చింది. ఈలోగా మా బిందెలు నిండాయి. అతను వెళ్లిపోయాడు.

పాపకి ఏమైందో మాకు తెలీదు. అతను మళ్లీ మా వీధికి రాలేదు, తర్వాత వేరే డ్రైవర్ వచ్చేవాడు. ఈ చీటీ కోసమే దేవుడు ట్యాంకర్ లేట్ చేశాడా అని అడిగితే నేను అవునని చెప్పలేను, లేట్ అయింది బోరు దగ్గర లైను వల్ల. కానీ పెద్దమ్మ ఆ ఒక్క ప్రశ్న అడక్కపోతే ఆ కాగితం జేబులోంచి బయటికి వచ్చేది కాదు. అంతవరకు గట్టిగా చెప్పగలను.

టైం దగ్గర పడింది, ఒక్క పని చెప్పి ఆపేస్తాను. ఈ వారం ఎక్కడైనా ఇరుక్కుంటారు, గ్యారంటీగా ఇరుక్కుంటారు, మారతహళ్లిలో కావచ్చు, బ్యాంకులో కావచ్చు, ఆధార్ సెంటర్లో టోకెన్ పట్టుకుని కావచ్చు. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ జేబులోనే ఉంచండి. ఇంటికి కాల్ చేసి లేటవుతుందని చెప్పడానికి మాత్రం తీయండి, సౌలు దగ్గర ఫోన్ లేదు, మన దగ్గర ఉంది. తర్వాత తల ఎత్తి పక్కన ఎవరున్నారో చూడండి. ఏ ఊరు మీది అని అడగండి, చాలు. వాక్యం చెప్పక్కర్లేదు, కరపత్రం ఇవ్వక్కర్లేదు, ముందు ఊరు అడగండి.

అలా ఎవరైనా మీతో మాట్లాడటం మొదలుపెడితే ఈ రేడియో కూడా ఆపేయండి, నేనేమీ అనుకోను. వందనాలు.