ముసురు పట్టిన రోజుల్లో చంటిపిల్లల్ని ఆడించడం: పిల్లల డాక్టర్‌తో ఫోన్-ఇన్ కార్యక్రమం

(విశాఖపట్నం స్టూడియో నుంచి ప్రత్యక్ష ప్రసారం. డిసెంబరు నెల, ఉదయం 11 గంటలు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. బంగాళాఖాతంలో అల్పపీడనం, మూడు రోజులుగా కోస్తా అంతా ముసురు. అటు తెలంగాణలో చలి. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో ఈ వారం ఎలా గడుస్తోందో చెప్పక్కర్లేదు. డాక్టర్ గారూ, నమస్కారమండీ.

డాక్టర్: నమస్కారమండీ. ఫోన్లు తీసుకునే ముందు ఒక్క మాట చెప్పేస్తాను. చలికాలం కదా, ప్రతి ఇంట్లోనూ బకెట్లో హీటర్ రాడ్ పెట్టి వదిలేస్తున్నారు. నడిచే పిల్లాడు ఇంట్లో ఉంటే అలా వదిలెయ్యకూడదు. బాత్రూం తలుపు బయట గడియ పెట్టండి. పనైపోయాక బకెట్ ఖాళీ చేసి బోర్లించండి. ఈ వయసులో తల బరువెక్కువ. బకెట్లోకి తొంగి చూసి తలకిందులుగా పడ్డాడంటే జానెడు నీళ్లలోంచి కూడా లేవలేడు. ఇది ఇవాళ ఇంకో నాలుగుసార్లు చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

వ్యాఖ్యాత: మొదటి కాల్ అనకాపల్లి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (అనకాపల్లి): నమస్తే మేడమ్. మా పాపకి రెండేళ్లు. ఇంటి నిండా బొమ్మలే మేడమ్. ఒక్కోదాంతో ఐదు నిమిషాలు కూడా ఆడదు, విసిరేస్తుంది. ఏమైనా తేడా ఉందా అని...

డాక్టర్: ఏ తేడా లేదమ్మా. రెండేళ్ల పిల్ల ఒక ఆట మీద ఐదు నిమిషాలు నిలబడితే అదే ఎక్కువ. మీరు చేయాల్సింది బొమ్మలు కొనడం కాదు, తగ్గించడం. సగానికి పైగా మూట కట్టి అటక మీద పడెయ్యండి. నాలుగు రోజులయ్యాక అవి దించి, ఇవి ఎక్కించండి. కొత్తగా కొన్నట్టే ఉంటుంది పిల్లకి. మీకు ఏటికొప్పాక దగ్గరే కదా, లక్కపిడతలు ఉన్నాయా?

కాలర్: ఉన్నాయండి, మా అత్తయ్యగారు కొన్నారు. చిన్న చిన్న గిన్నెలు.

డాక్టర్: వాటిలో నోట్లో పట్టేంత చిన్నవి తీసి దాచెయ్యండి, మూడేళ్లు దాటాక ఇద్దురు గాని. పెద్దవి చాలు. మీరు పొయ్యి దగ్గర వండుతుంటే తను కాస్త దూరంలో వండుకుంటుంది. గుజ్జనగూళ్లు మీరు ఆడలేదా ఏంటి? అయితే అందులోకి శనగలు, వేరుశనగ గింజలు, చింతపిక్కలు ఇవ్వద్దు. గొంతుకి అడ్డం పడతాయి. గురివింద గింజలైతే ఇంట్లోనే ఉండకూడదు, అవి విషం.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాత... అమలాపురం. హలో?

కాలర్ (అమలాపురం): ఆయ్, హలో. వినపడతందాండి?

వ్యాఖ్యాత: వినపడుతోందండీ. రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆయ్, తగ్గించానండి. అమలాపురం పక్కన పల్లెటూరండి మాది. మా మనవడి గురించండి, అమ్మాయి కొడుకు. సంక్రాంతికి ఇరవై నెలలు నిండుతాయండి. అమ్మాయీ అల్లుడూ హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగాలండి. ఇప్పుడు అమ్మాయి ఇక్కడికొచ్చి, మేడ మీద గదిలో తలుపేసుకుని పని చేసుకుంటందండి. వీడేమో మెట్ల దగ్గర కూర్చుని అమ్మా అమ్మా అని ఒకటే ఏడుపు. మామూలు రోజుల్లో అయితే బెంగ లేదండి. కొబ్బరితోటలోకి తీసుకెళ్తే దూడ దగ్గర గంట నిలబడతాడు, కోళ్ల ఎనకాల పరిగెడతాడు. ఇప్పుడు పెరడంతా నీళ్లేనండి. నాకా, మోకాళ్ల నొప్పులు. ఎత్తుకు తిప్పలేను. మొన్న బియ్యం డబ్బా మొత్తం ఒంపేశాడండి. నిన్న పోపులపెట్టె. మరి నేను ఫోన్ ఇచ్చేత్తన్నానండి. ఫోన్ ఇత్తే గాని అన్నం తినడు. తప్పాండి?

డాక్టర్: అమ్మా, మీరొక్కరే చూస్తున్నారా పగలంతా?

కాలర్: ఆయన ఉన్నారండి, పేపర్ చదువుకుంటారు.

డాక్టర్: సరే, ఆయనకీ పని చెప్దాం. ముందు ఆ బియ్యం సంగతి. పిల్లాడు డబ్బా ఒంపాడంటే అల్లరి చేశాడని కాదమ్మా. అందులో ఏముందో చూడాలి, చప్పుడు వినాలి, చేత్తో తడమాలి. వాడి చదువు అదే. వంటింట్లో కింద అర ఒకటి ఖాళీ చేసి వాడికిచ్చెయ్యండి. స్టీలు గిన్నెలు, మూతలు, చెక్క గరిటె, పాత చేట. ఆ అర వాడిది. మిగతావి అందకుండా పెట్టుకోండి. పోపులపెట్టె పై అరలోకి వెళ్లాలి, మిరపకాయ చేత్తో కళ్లు నలుపుకుంటే తెల్లారిపోతుంది.

కాలర్: ఆయ్. మరి ఫోనూ...

డాక్టర్: వస్తున్నా. మీకు మోకాళ్ల నొప్పులన్నారు. చాప వేసుకుని గోడకి ఆనుకుని కూర్చోండి, తిరగాల్సింది వాడు. "తాతయ్య చెప్పులు తీసుకురా", "నీ టవలు తాతయ్యకి ఇచ్చిరా" అనండి. ఈ వయసుకి ఆ మాటలు బాగా అర్థమవుతాయి. తేగానే మీరు చప్పట్లు కొడితే ఇరవై సార్లు తిరుగుతాడు. రోజు మొత్తం మీద మూడు గంటలన్నా ఒళ్లు కదలాలి ఈ పిల్లలకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క అది. ఒక్క బిగిన అక్కర్లేదు, పది పది నిమిషాలుగా. ఇంకోటి, తోటకూర వలుస్తారా?

కాలర్: రోజూనండి. ఇవాళ కూడా ఉంది.

డాక్టర్: పక్కన కూర్చోబెట్టుకుని ఒక కట్ట ఇవ్వండి. తుంచమనండి. సగం పాడవుతుంది, పోనివ్వండి. ఉతికిన బట్టల్లో వాడివి ఏరమనండి. గోధుమపిండి ముద్ద కలిపి కాస్త పసుపు వేసి ఇవ్వండి, నొక్కుకుంటాడు. అందులో ఉప్పు మాత్రం వద్దు. ఉప్పు ముద్ద తింటే పిల్లలకి ప్రమాదం.

కాలర్: ఆయ్. మరి ఫోన్ కాసేపు ఇవ్వచ్చాండి? అన్నం టైములో మాత్రమే.

డాక్టర్: అమ్మా, రెండేళ్ల లోపు వద్దు. రెండు దాటాక కూడా రోజుకి గంట లోపే, ఎంత తక్కువైతే అంత మంచిది. వీడియో కాల్‌లో నాన్నతో మాట్లాడించండి, అది వేరు. అవతల మనిషి వీడి మాటకి బదులు చెప్తాడు కాబట్టి ఫర్వాలేదు.

కాలర్: మరి ఏడిత్తేనోనండి? మూడు ముద్దలు కూడా తినడండి. ఎండిపోతాడని బెంగండి. పోనీ పాటలు మాత్రం పెట్టి, బొమ్మ కనపడకుండా...

వ్యాఖ్యాత: అమ్మా, ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు...

డాక్టర్: ఉండనివ్వండి, ఇది చాలామంది ఇళ్లలో ఉన్నదే. అమ్మా, వినండి. ఫోన్ చూస్తూ తినే పిల్లాడికి ఏం తింటున్నాడో, కడుపు నిండిందో లేదో తెలియదు. నోరు తెరుస్తాడు, మీరు పెడతారు. ఆకలి వాడికి తెలియాలి. అందరితో పాటు కింద కూర్చోబెట్టి వాడి కంచంలో వాడికి కొంచెం పెట్టండి. చేత్తో తిననివ్వండి, మీద పోసుకోనివ్వండి. ఇరవై నిమిషాలు చూసి కంచం తీసెయ్యండి. తిట్టద్దు, బతిమాలద్దు. మధ్యలో బిస్కెట్లు, పాలు పోసి ఆకలి చంపకండి. రెండు మూడు రోజులు ఏడుస్తాడు. ఏడుస్తాడని ముందే చెప్తున్నాను. మంచినీళ్లు తాగుతూ, మామూలుగా ఉచ్చ పోస్తూ, ఆడుతూ ఉంటే ఒక పూట తక్కువ తింటే ఏం కాదు. డల్‌గా ఉన్నా, బరువు తగ్గుతున్నా మీ డాక్టర్‌కి చూపించండి.

కాలర్: ఆయ్, అయితే మూడు రోజులండి.

డాక్టర్: మూడు రోజులు. ఆ మూడు రోజులూ మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా భోజనాల దగ్గర ఫోన్ చూడకూడదు. మీ అమ్మాయితో ఇంకోటి చెప్పండి. పదకొండింటికో, మూడింటికో, ఒక టైము పెట్టుకుని ఓ పావుగంట కిందికి వచ్చి వీడితోనే ఉండమనండి. రోజూ అదే టైము. వాడికి గడియారం తెలియదు గాని, అమ్మ వస్తుందని నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. మెట్ల దగ్గర ఏడుపు తగ్గుతుంది. ఆ మెట్లకి అడ్డం ఏదైనా ఉందా?

కాలర్: లేదండి.

డాక్టర్: ఇవాళే పెట్టించండి. ఆ పని తాతగారికి.

కాలర్: ఆయ్. ఇంకోటండి, చలిగాలికి జలుబు చేత్తందని రెండు స్వెట్టర్లూ మంకీ క్యాపూ వేసి ఉంచుతున్నానండి.

డాక్టర్: ఇంట్లోనా? తీసెయ్యండమ్మా, చెమట పట్టి చిరాకు పడతాడు. జలుబు చలిగాలికి రాదు, వైరస్ వల్ల వస్తుంది. అది మన చేతుల మీదుగా కూడా వస్తుంది. బయటి నుంచి వచ్చినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కుని ఎత్తుకోవాలి. వాన తెరిపిచ్చినప్పుడు అరుగు మీదికి తీసుకెళ్లి, చూరు నుంచి నీళ్లు కారడం పది నిమిషాలు చూపించండి. దూడ ఎక్కడుందో చూపించండి. వాడికి దూడ మీద బెంగ కూడా ఉంటుంది. చూరు కింద బకెట్లు పెట్టారా?

కాలర్: పెట్టామండి, రెండు.

డాక్టర్: తీసెయ్యండి!

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. ఆదిలాబాద్ నుంచి ఎవరో ఉన్నారు. చెప్పండి.

కాలర్ (ఆదిలాబాద్): మేడం నమస్తే. మాకు వాన లేదు గాని సలి మస్తున్నది. పొద్దుగాల తొమ్మిదైనా పోరన్ని బయటికి తీస్కపోతలేం. రెండేండ్లోడు. ఇంట్ల కుంపట్ల బొగ్గులు పెట్టి, తలుపులు, కిటికీలు బంద్ చేసి ఆడిపిస్తున్నం. చేతులు వట్టుకొని గిరగిర తిప్పుత, మస్తు నవ్వుతడు. ఇంకేం ఆటలు ఆడియ్యాలె?

డాక్టర్: బాబూ, ఆటలు తర్వాత. ఆ కుంపటి ఇప్పుడు గదిలో ఉందా?

కాలర్: ఉన్నది మేడం.

డాక్టర్: ముందు తలుపు, కిటికీలు తెరిచి, పిల్లాణ్ని ఇవతలికి తెచ్చి, కుంపటి బయట పెట్టమనండి. ఫోన్ పక్కన పెట్టి చెప్పి రండి, నేను ఆగుతాను.

(కొద్దిసేపు నిశ్శబ్దం.)

కాలర్: చెప్పిన మేడం. మా ఆమె తీస్తున్నది.

డాక్టర్: మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, పొగ కూడా కనపడదు. తలనొప్పి, వాంతి, మత్తు... నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంట్లో ఎవరికైనా తలనొప్పిగా ఉందా?

కాలర్: లేదు మేడం, ఇప్పుడే పెట్టినం.

డాక్టర్: మంచిది. ఎవరికైనా తల తిరిగినా, వాంతి అయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. రాత్రి పడుకునేటప్పుడు కూడా వద్దు. దుప్పటి, సాక్సు, పొరలు పొరలుగా బట్టలు చాలు. ఇక చేతులు పట్టుకుని తిప్పడం మానెయ్యండి. ఈ వయసులో మోచెయ్యి కీలు తేలిగ్గా జారుతుంది, పిల్లాడు చెయ్యి కదపడు, ఏడుపు. చంకల కింద పట్టుకుని ఎత్తండి. ఉప్పుమూట ఎక్కించుకోండి, గుర్రం అవ్వండి, మంచం చుట్టూ దాగుడుమూతలు ఆడండి. మీరే కదిలే బొమ్మ వాడికి. ఎండ వచ్చాక పదింటికి వాకిట్లోకి తీసుకురండి.

కాలర్: సరే మేడం. మంచిగ చెప్పిండ్రు.

వ్యాఖ్యాత: తర్వాత విజయనగరం.

కాలర్ (విజయనగరం): మేడమ్, మా బాబుకి రెండు రోజులుగా జ్వరం, డొక్కలు ఎగరేస్తున్నాడు. ఇంట్లో ఏ ఆట...

డాక్టర్: ఆట కాదమ్మా. డొక్కలు ఎగరేస్తుంటే ఇప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి. వాన తగ్గేదాకా ఆగద్దు. ఫోన్ పెట్టేసి బయల్దేరండి.

వ్యాఖ్యాత: అమెరికా నుంచి ఒక కాల్. మినియాపొలిస్. అక్కడ రాత్రి పదకొండున్నర దాటి ఉంటుంది.

కాలర్ (మినియాపొలిస్): అవునండీ, పాప ఇప్పుడే పడుకుంది. రెండున్నర ఏళ్లు. బయట గడ్డ కట్టే చలి, మూడు నాలుగు రోజులు గడప దాటడం లేదు. ఇంట్లో గెంతితే కింద ఫ్లాట్ వాళ్లు కంప్లయింట్ ఇస్తున్నారు.

డాక్టర్: పరుపు నేల మీద వెయ్యండి, గెంతడం దాని మీదే. దుప్పటి మీద కూర్చోబెట్టి హాలంతా లాగండి. టేబుల్ మీద చీర కప్పితే గుహ అవుతుంది, పాకుతూ దూరుతుంది, చప్పుడు ఉండదు. శుభ్రమైన మంచు ఒక ట్రేలో లోపలికి తెచ్చి గరిటె, కప్పులు ఇవ్వండి. చేతులకి గ్లోవ్స్ వేసి. స్నానాల తొట్టి దగ్గర మాత్రం ఒక్క క్షణం కూడా వదలకండి. ఫోన్ మోగినా సరే...

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది. బాపట్ల, చెప్పండి.

కాలర్ (బాపట్ల): డాక్టర్ గారూ, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మా దగ్గరే తీరం దాటింది కదండీ. అప్పుడు మా పెద్దాడు చిన్నోడు, కరెంటు పోతే చీకట్లో ఒకటే భయం. ఇప్పుడు చిన్నదానికి రెండేళ్లు. మళ్లీ కరెంటు పోతోంది.

డాక్టర్: చీకటిని ఆట చేసెయ్యండి. దుప్పటి కట్టి వెనక టార్చ్ పెట్టి, చేత్తో కుక్క, పిట్ట. తోలుబొమ్మలాట చూసిన ఊళ్లే కదా మనవి. పెద్దాణ్ని కథ చెప్పమనండి, చెల్లి ముందు వాడికీ ధైర్యం వస్తుంది. కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం పిల్లకి అందేచోట వద్దు. టార్చ్‌లో బిళ్ల బ్యాటరీ ఉంటే మూతకి స్క్రూ ఉందో లేదో చూడండి. మింగిందని అనుమానం వచ్చినా సరే, తుపాను అయినా సరే, అప్పటికప్పుడు ఆస్పత్రికే. లోపల అన్నవాహికని కాల్చేస్తుంది.

వ్యాఖ్యాత: డాక్టర్ గారూ, సమయం అయిపోవచ్చింది. ఒక్క కాల్... అమలాపురం అమ్మమ్మగారే మళ్లీ.

కాలర్ (అమలాపురం): ఆయ్, నేనేనండి. ఇందాక పిండిలో ఉప్పు వెయ్యాలన్నారా, వద్దన్నారా?

డాక్టర్: వద్దమ్మా. ఉప్పు వద్దు. చపాతీకి కలిపే పిండే, కాస్త గట్టిగా కలపండి.

కాలర్: ఆయ్. బకెట్లు ఆయన తీసేశారండి. తోటకూర తుంచుతన్నాడండి పిల్లోడు. మరి... రాత్రి అన్నం టైముకి కూడా ఫోన్ వద్దా?

డాక్టర్: రాత్రి కూడా వద్దమ్మా.

కాలర్: ఆయ్.

వ్యాఖ్యాత: డాక్టర్ గారికి, కాల్ చేసిన అందరికీ ధన్యవాదాలు. వాతావరణ సమాచారం వినండి.