ఒకే ఫైలా, ముక్కలా? పెద్ద బిమ్ మోడళ్లపై స్టూడియో చర్చ

(బిమ్ మోడల్ అంటే భవనాన్ని గోడలు, కొలతలతో సహా కంప్యూటర్‌లో కట్టిపెట్టే త్రీడీ మోడల్. ఒక ఆసుపత్రి మోడల్‌ను బ్లాకుల వారీగా వేర్వేరు ఫైళ్లుగా విడగొట్టి, ఒకదానిలో ఇంకోటి కనిపించేలా లింక్ చేశారు. తెల్లారితే డ్రాయింగ్‌లు ఇవ్వాలనగా ఒక బ్లాక్ పక్కకు జరిగి కనిపించింది. తప్పు విడగొట్టడానిదా, విడగొట్టినవాళ్లదా అన్నది గొడవ. మాటలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. సూటిగా అడుగుతాను. ఫైల్ ఎన్ని ఎంబీలు దాటితే ముక్కలు చేయాలి?

బిమ్ మేనేజర్: ఎంబీలతో మొదలుపెట్టకూడదండీ. ముందు ఏ భాగం ఎవరిదో...

ఆర్కిటెక్ట్: ఒక్క నిమిషం మేడమ్. అసలు ముక్కలెందుకు? మనం మోడల్ చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో వర్క్‌షేరింగ్ ఉంది. సెంట్రల్ ఫైల్ ఒకటే, ఎవరి లోకల్ కాపీలో వాళ్లు పనిచేసి సింక్ కొడతారు, అంటే మార్పులు సెంట్రల్ ఫైల్‌కు పంపుతారు. అక్కర్లేని వర్క్‌సెట్‌లు, అంటే మోడల్‌లో విడిగా తెరిచే భాగాలు, మూసుకుంటే మెషిన్ మీద బరువు తగ్గుతుంది. లింక్‌లో ఉన్న గోడ మన గోడతో కలవదు, ప్లాన్‌లో మధ్యన గీత పడుతుంది. ఆ గీతలు చెరుపుకుంటూ కూర్చున్నవాణ్ని నేను.

స్ట్రక్చరల్ ఇంజినీర్: సార్, పదిహేను మంది ఒకే ఫైల్‌లో ఉంటే...

ఆర్కిటెక్ట్: ఉండనివ్వండి! క్రమశిక్షణ లేక ఫైల్‌ను తిడితే ఎలా?

స్ట్రక్చరల్ ఇంజినీర్: సాయంత్రం అందరూ బయల్దేరే ముందే సింక్ కొడతారు సార్. ఒకరిది అయ్యేదాకా వెనకవాళ్లు బ్యాగు భుజాన వేసుకుని నిలబడాలి.

వ్యాఖ్యాత: అంటే సైజే కదా సమస్య? 500 ఎంబీ అనుకుందామా?

బిమ్ మేనేజర్: అలాంటి గీత ఎక్కడా లేదు. ఇంపోర్ట్ చేసి మర్చిపోయిన క్యాడ్ డ్రాయింగ్‌లు, వాడని ఫ్యామిలీలు, అంటే తలుపులు, కిటికీల్లాంటి రెడీమేడ్ వస్తువులు, తీసేస్తే అదే ఫైల్ సగం తేలికపడొచ్చు. బిమ్ సమాచార నిర్వహణకు 2018లో వచ్చిన స్టాండర్డ్ ఐఎస్ఓ 19650 కూడా ఎంబీలు చెప్పదు. సమాచారాన్ని కంటైనర్లుగా, అంటే ఫైళ్లలాంటి భాగాలుగా, విడగొట్టుకోండి, ఒక్కో కంటైనర్ ఒక్క టీమ్ చేతిలోనే ఉండాలి అంటుంది.

ఆర్కిటెక్ట్: స్టాండర్డ్‌దేముంది, కాగితం! లిఫ్ట్ చుట్టూ ఉండే కోర్ గోడ ఎవరిది, చెప్పండి.

స్ట్రక్చరల్ ఇంజినీర్: మాదే.

ఆర్కిటెక్ట్: మా ఫైల్‌లోనూ ఉంది.

స్ట్రక్చరల్ ఇంజినీర్: అందుకే సార్, క్వాంటిటీలు తీస్తే కాంక్రీట్ రెండుసార్లు లెక్కకొచ్చింది.

ఆర్కిటెక్ట్: ఒకే ఫైల్ అయితే రెండు గోడలుండేవి కావుగా! నేననేదీ అదే!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు. సగం నిమిషం ఏదీ అర్థం కాలేదు.)

వ్యాఖ్యాత: ఆ ఆసుపత్రి ఫైల్ ఎంత సైజు ఉండి ఉంటుంది?

బిమ్ మేనేజర్: సైజుకూ దానికీ సంబంధం లేదండీ. లింక్‌ను అన్ని ఫైళ్లకూ ఉమ్మడిగా ఉండే షేర్డ్ కోఆర్డినేట్లతోనే కూర్చోబెట్టారు, కానీ కదలకుండా పిన్ చేయలేదు. ఎవరో పక్కనున్న చెట్టును జరపబోయి బ్లాక్‌ను పట్టుకు లాగారు. లింక్ స్థానం మారింది, సేవ్ చేయాలా అని రెవిట్ అడిగింది. చదవకుండా సేవ్ నొక్కారు. తప్పు స్థానం వెళ్లి ఆ బ్లాక్ ఫైల్‌లో కూర్చుంది. పిన్ ఒక్కటి గుచ్చి ఉంటే...

ఆర్కిటెక్ట్: లింకే లేకపోతే పిన్ ఎందుకు? ఇంకోటి. స్ట్రక్చర్ లింక్‌లో ఉంటే నా గదులు మూసుకోవు. ఏరియా తప్పు వస్తుంది.

బిమ్ మేనేజర్: లింక్ ప్రాపర్టీస్‌లో రూమ్ బౌండింగ్ టిక్ పెట్టండి సార్, లింక్‌లోని గోడలు కూడా గది హద్దులవుతాయి.

ఆర్కిటెక్ట్: ఎన్ని టిక్‌లు గుర్తుపెట్టుకోవాలి మేడమ్?

స్ట్రక్చరల్ ఇంజినీర్: టిక్ సంగతి వదిలేయండి. మొన్న ఒకాయన ఫైల్‌ను రెవిట్ కొత్త వెర్షన్‌లో తెరిచి సేవ్ చేసేశాడు. పాత వెర్షన్‌లో ఇక అది తెరుచుకోదు. ఆయన ఒక్కడి కోసం అందరం అప్‌గ్రేడ్ అవ్వాలా?

వ్యాఖ్యాత: మంచి పాయింట్! దాని మీదే వేరే ఎపిసోడ్ చేద్దాం.

(ఆ తర్వాత నాలుగు నిమిషాలు దాని మీదే గడిచాయి. వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడళ్లు మార్చుకునే ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో ఇస్తే సరిపోతుందని ఒకరు, అందులో ఇస్తే మళ్లీ ఎడిట్ చేసుకోలేమని ఇంకొకరు.)

వ్యాఖ్యాత: మళ్లీ అసలు విషయానికి. ఎంబీలు...

బిమ్ మేనేజర్: మీరు పట్టిన ఎంబీలు వదలరా? సరే, ఇలా చూడండి. టవర్ పని, దాని కింది వెడల్పాటి పోడియం పని వేర్వేరు టీమ్‌లు చేస్తుంటే ఫైల్ చిన్నదైనా విడగొట్టాలి. రెండూ ఒకే టీమ్ చేస్తుంటే...

ఆర్కిటెక్ట్: అదిగో! మేడమ్ కూడా ఒకే ఫైల్ అంటున్నారు!

బిమ్ మేనేజర్: నేనెక్కడన్నాను సార్?

వ్యాఖ్యాత: మొత్తం మీద సార్ చెప్పినట్టు, కుదిరినంతవరకూ ఒకే ఫైల్ అన్నమాట.

బిమ్ మేనేజర్: కాదండీ, నా మాట పూర్తి కాలేదు...

వ్యాఖ్యాత: టైమ్ అయిపోయింది మేడమ్. సార్, చివరగా ఒక్క అంకె.

ఆర్కిటెక్ట్: అంకెలెందుకండీ, ఫైల్ ఒకటే అన్నాక?

స్ట్రక్చరల్ ఇంజినీర్: మరి ఆ కోర్ గోడ ఎవరు తీసేస్తున్నట్టు?

(మైకులు ఆపేశారు.)