హనోయి వీధిలో ఇరవై అడుగులు

శ్రోతలకు నమస్కారం.

వియత్నాం రాజధాని హనోయిలో మొదటిసారి ఒక వీధి దాటడానికి నాకు పావుగంట పట్టింది. ఆ వీధి వెడల్పు మహా అయితే ఇరవై అడుగుల నడక. ఈ పూట ఆ ఇరవై అడుగుల గురించే చెబుతాను.

హోవాన్ కియెమ్ సరస్సుకు ఉత్తరపు కొసన నాలుగైదు వీధులు వచ్చి కలిసే కూడలి ఒకటి ఉంది. సాయంత్రం ఆరు గంటలవేళ అక్కడ నిలబడ్డాను. ఎదురుగా మోటారు సైకిళ్లు. ఒకటి కాదు, పది కాదు, ఏటి ప్రవాహంలా వస్తూనే ఉన్నాయి. ఒక బండి మీద తల్లీ తండ్రీ, మధ్యలో ఇద్దరు పిల్లలు. ఇంకో బండి వెనక తొట్టెతో సహా కట్టిన మనిషంత ఎత్తు మొక్క. కాలిబాట మీద నడుద్దామంటే చోటే లేదు. సగం నిలిపి ఉంచిన బండ్లు, సగం మోకాలి ఎత్తు కూడా లేని ప్లాస్టిక్ పీటలు, వాటి మీద భోంచేస్తున్న జనం. పక్కనే బొగ్గుల పొయ్యి మీద మాంసం కాలుతున్న పొగ. ఆ పొగలోనే పెట్రోలు వాసన. ఆ పెట్రోలు వాసనలోంచే, అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం వేసి గంటల తరబడి మరగబెట్టిన ‘ఫో’ అనే నూడుల్స్ పులుసు ఆవిరి. ఎవరో సైకిలుకు స్పీకరు కట్టుకుని, రికార్డు చేసిన కేక ఒక్కటే మళ్లీ మళ్లీ వినిపిస్తూ పోతున్నారు. ఏది ముందు వినాలి? ఏది ముందు చూడాలి?

మనకు అలవాటైన వీధిలో కూడా ఇంత రొదా ఉంటుంది. కాకపోతే అక్కడ ఏది పట్టించుకోవాలో, ఏది వదిలేయాలో మనసుకు ముందే తెలుసు. పరాయి దేశంలో ఆ జల్లెడ ఉండదు. అన్నీ ఒక్కసారే మీద పడతాయి. మొదటి రోజు గంటసేపు తిరిగేసరికే ఒళ్లు అలిసిపోయేది అందుకే.

అలా నిలబడి ఉండగా నా పక్కకు ఒక పెద్దావిడ వచ్చారు. తల మీద ఆకులతో అల్లిన కోసుటోపీ. భుజాన వెదురు కావడి, రెండు తట్టల నిండా పళ్లు. ఆవిడ నన్ను చూశారు, వీధిని చూశారు, గడ్డంతో అవతలి వైపు చూపించారు. అంతే, నడక మొదలుపెట్టారు. నేనూ పక్కనే అడుగేశాను.

అడుగు పడ్డప్పుడల్లా కావడి కిర్రుమనేది. కిర్రు, ఒక అడుగు. కిర్రు, ఇంకో అడుగు. బండ్లు మా ముందు నుంచి కొన్ని, మా వెనక నుంచి కొన్ని, చీలి పోతున్నాయి. ఇంజను వేడిగాలి పిక్కలకు తగులుతోంది. సగం దూరం వెళ్లాక చెవి దగ్గరే హారను మోగింది. నేను బిగుసుకుపోయి ఆగిపోయాను. పక్కనే బ్రేకు కీచుమంది. ఆవిడ తల తిప్పనైనా లేదు. ఖాళీగా ఉన్న చేత్తో నా మణికట్టు పట్టుకుని, అదే నడకతో ముందుకు తీసుకెళ్లారు. గరుకైన చెయ్యి, గట్టి పట్టు. కిర్రు, ఒక అడుగు. కిర్రు, ఇంకో అడుగు. అవతలి గట్టు చేరాక చెయ్యి వదిలేసి, వెనక్కి చూడకుండా తన దారిన వెళ్లిపోయారు. ధన్యవాదాలు చెప్పే వ్యవధి కూడా నాకు దొరకలేదు.

ఆ రాత్రి బస చేసిన చోట ఒక కుర్రవాడు అసలు సంగతి విడమరచి చెప్పాడు. బండి నడిపేవాడు మీరిప్పుడు ఉన్న చోటును చూడడు, మరుక్షణం ఎక్కడ ఉంటారో అంచనా కట్టి పక్కకు తిప్పుతాడు. మీరు ఆగితే ఆ అంచనా తప్పుతుంది. పరుగెత్తినా తప్పుతుంది. వెనకడుగు వేస్తే మరీ ప్రమాదం. అక్కడ హారను చాలావరకు కోపంతో కొట్టేది కాదు, ‘నేనిక్కడ ఉన్నాను’ అని చెప్పడం. కాబట్టి ఆగకూడదు, పరుగెత్తకూడదు. ఒకే వేగం, ఒకే తీరు నడక. అయితే ఇది మోటారు సైకిళ్లకే వర్తిస్తుంది. బస్సు వస్తుంటే, కారు వస్తుంటే అడుగు వేయకండి, పోనివ్వండి. అవి మీ కోసం అంత సులువుగా పక్కకు తిరగలేవు. ఇంకో మాట. వియత్నాంలో వాహనాలు కుడివైపున నడుస్తాయి. మనకు అలవాటు కొద్దీ తల ముందు కుడికి తిరుగుతుంది. అక్కడ ముందు ఎడమకు చూడాలి, తర్వాత కుడికి కూడా చూడాలి, ఎందుకంటే ఎదురు వచ్చేవారూ ఉంటారు.

మర్నాటి నుంచి ఆ రొద నాకు దారి చెప్పడం మొదలుపెట్టింది. పాత బస్తీలో చాలా వీధుల పేర్లు ‘హాంగ్’ అనే మాటతో మొదలవుతాయి. సరుకు అని అర్థం. ఒక్కో వీధి ఒక్కో సరుకుకు, ఒక్కో వృత్తికి పేరుపడింది. హాంగ్ బాక్ వెండి వీధి. హాంగ్ థియెక్ రేకుల వీధి, అక్కడ ఇప్పటికీ వీధిలోనే కూర్చుని సుత్తులతో రేకులు కొడుతుంటారు. 18వ శతాబ్దపు వైద్యుడి పేరు పెట్టుకున్న లాన్ ఓంగ్ వీధి ఎండు మూలికలమయం. మొదట్లో బోర్డు చదివినా ఆ పేరు నా నోటికి వచ్చేది కాదు. కానీ మూలికల ఘాటు ముక్కుకు తగలగానే ఎక్కడున్నానో తెలిసేది. కొద్ది నిమిషాలు నడిచాక సుత్తి చప్పుడు వినిపిస్తే సరైన మలుపే తిరిగానన్న ధైర్యం వచ్చేది. అందుకే, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోనులో మ్యాపు చూస్తూ అలాంటి వీధుల్లో నడవవద్దని మిమ్మల్ని మనసారా కోరుతున్నాను. మ్యాపు చూడాలంటే గోడ పక్కన నిలబడి చూసుకోండి. మనల్ని అలసటకు గురిచేసే ఆ చప్పుళ్లే అక్కడ మనల్ని కాపాడేవి.

సరస్సు చుట్టూ ఉన్న వీధుల్లో 2016 నుంచి శని, ఆదివారాల్లో వాహనాలను ఆపేస్తున్నారు. వచ్చేసే ముందు, ఆదివారం సాయంత్రం ఆ కూడలికి మళ్లీ వెళ్లాను. బండి ఒక్కటీ లేదు. పిల్లలు నడివీధిలో బంతి ఆడుతున్నారు. ఎవరో వయొలిన్ వాయిస్తున్నారు. అవతలి వైపుకు నడిచాను. తొందర లేదు, భయమూ లేదు. అయినా కాళ్లు అదే లెక్కలో పడ్డాయి. ఒక అడుగు, ఇంకో అడుగు. చెవులు మాత్రం కావడి కిర్రు కోసం వెతుకుతూనే ఉన్నాయి.