కీర్ హార్డీకి జీతం ఎవరిచ్చారు?

అందరికీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

1894 జూన్ 23న వేల్స్‌లోని కిల్‌వినిడ్ అనే ఊళ్ళో ఆల్బియన్ బొగ్గుగని పేలి 290 మంది చనిపోయారు. సరిగ్గా అదే రోజు బ్రిటన్ రాజకుటుంబంలో మగపిల్లాడు పుట్టాడు. ఐదు రోజుల తర్వాత రాణిగారికి అభినందనలు చెబుతూ పార్లమెంటులో తీర్మానం పెట్టారు. ఆ వారంలోనే హత్యకు గురైన ఫ్రాన్స్ అధ్యక్షుడికి సంతాపం చెప్పడానికీ సభకి తీరిక దొరికింది గానీ గనిలో పోయినవాళ్ళ గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. వాళ్ళ కుటుంబాలకి కూడా సానుభూతి చెప్పండని ఒక సభ్యుడు అడిగాడు. కుదరదన్నారు. దాంతో ఆయన లేచి ఆ అభినందన తీర్మానాన్నే వ్యతిరేకించాడు. సభంతా అరుపులు, కేకలు. అయినా ఆపలేదు. ఈ పిల్లాడి చుట్టూ చిన్నప్పటినుంచే భజన చేసేవాళ్ళు చేరతారు, పెద్దయ్యాక ప్రపంచ యాత్రకి పంపుతారు, ఆ తర్వాత అంతస్తుకి తగని పెళ్ళి అంటూ పుకార్లు పుడతాయి, చివరికి ఖర్చంతా దేశం నెత్తిన పడుతుంది అని చెప్పాడు. ఆ పిల్లాడే 1936లో పెళ్ళి కోసం గద్దె దిగిపోయిన ఎనిమిదో ఎడ్వర్డ్. ఆ మాట్లాడిన మనిషి కీర్ హార్డీ, ఒకప్పటి గని కార్మికుడు, తర్వాత బ్రిటన్ లేబర్ పార్టీని నిలబెట్టినవాళ్ళలో ఒకడు.

జోస్యం ఫలించిందని అందరూ ఆ మాటలే గుర్తుపెట్టుకుంటారు. నాకు మాత్రం అంతమంది మధ్య ఒక్కడే అలా ఎలా నిలబడగలిగాడన్నదే ముఖ్యం.

స్కాట్లాండ్‌లోని లానార్క్‌షైర్‌లో 1856లో పుట్టాడు. తల్లి పనిమనిషి. పదేళ్ళు నిండకముందే పనిలో పెట్టారు. పదేళ్ళప్పుడు గ్లాస్గోలో ఒక రొట్టెల దుకాణంలో చేరాడు. సవతి తండ్రికి పనిలేదు, తల్లి నిండు గర్భిణి, తమ్ముడు జ్వరంతో మంచాన పడ్డాడు, రాత్రంతా వాడి దగ్గర కూర్చుని పొద్దున పావుగంట ఆలస్యంగా వెళ్తే యజమాని మేడమీదికి పిలిపించాడు. అక్కడ ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూర్చుని ఫలహారం చేస్తున్నారు. వాళ్ళందరి ముందే పనిలోంచి తీసేసి, రావలసిన కూలీ కూడా కోసేశాడు. పెద్దయ్యాక హార్డీ స్వయంగా చెప్పుకున్న సంగతి ఇది.

తర్వాత గని. పిల్లలకి అక్కడ ఇచ్చే పని గాలి తలుపు దగ్గర కాపలా. బొగ్గు టబ్బు వచ్చినప్పుడు తలుపు తీయాలి, వెళ్ళగానే మూయాలి, మిగతా సమయమంతా చీకట్లో ఒంటరిగా కూర్చోవాలి. కొన్నేళ్ళకి ఆ గనిలోనే షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు: పలకకి దీపం పొగ పట్టించి, ఆ మసి మీద గుండుసూదితో గీసుకుంటూ. ఇరవై దాటాక కార్మికుల తరఫున మాట్లాడటం మొదలుపెట్టేసరికి యాజమాన్యం ఆయన్నీ తమ్ముళ్ళనీ పనిలోంచి పంపేసింది, చుట్టుపక్కల గనుల్లో కూడా ఎవరూ పని ఇవ్వకుండా పేరు నల్లజాబితాలో పెట్టారు. ఇక కార్మిక సంఘం పని, పత్రికలకి రాయడం, అవే బతుకుతెరువు అయ్యాయి.

1888లో మిడ్ లానార్క్ ఉపఎన్నికలో నిలబడ్డాడు. పోటీ నుంచి తప్పుకుంటే వచ్చే ఎన్నికల్లో సీటు, పైగా ఏడాదికి 300 పౌండ్లు ఇస్తామని లిబరల్ పార్టీ తరఫున కబురొచ్చింది. అప్పట్లో బ్రిటన్ ఎంపీలకి జీతమే లేదు, ఆస్తి ఉన్నవాడో ఇంకొకరు పోషించేవాడో తప్ప మామూలు మనిషి అక్కడ కూర్చోలేడు. అలాంటి రోజుల్లో కాదన్నాడు. వచ్చిన ఓట్లు 617. నన్నడిగితే ఆయన జీవితంలో అన్నిటికన్నా పెద్ద విషయం ఆ కాదనడమే. ఆ డబ్బు తీసుకుని ఉంటే ఆరేళ్ళ తర్వాత అంత ధైర్యంగా లేచి మాట్లాడేవాడా?

1892లో లండన్ తూర్పు వైపున్న వెస్ట్ హామ్ సౌత్ నుంచి గెలిచాడు. అందరూ సిల్కు టోపీలతో వచ్చే సభకి మామూలు టోపీ, ట్వీడ్ కోటుతో వెళ్ళాడు, పత్రికలు ఆ టోపీ మీద పేజీలు నింపాయి. నేను దాని మీద టైమ్ వేస్ట్ చేయను. సభలో ఆయన వదలకుండా పట్టుకున్నది పనిలేనివాళ్ళ సంగతి. నిరుద్యోగుల సభ్యుడు అనే పేరు అలాగే వచ్చింది. 1893లో బ్రాడ్‌ఫర్డ్‌లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టడంలో ముందు నిలిచాడు. 1895లో ఓడిపోయాడు.

ఇక డబ్బు సంగతికి వస్తాను, ఎందుకంటే దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. 1900లో కార్మిక సంఘాలు, ఆ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ లాంటి సోషలిస్టులు కలిసి ఒక కమిటీ పెట్టుకున్నారు, అదే తర్వాత లేబర్ పార్టీ అయింది. హార్డీ అదే ఏడాది వేల్స్‌లోని మెర్థిర్ టిడ్‌ఫిల్ నుంచి మళ్ళీ గెలిచాడు. 1903లో ఆ కమిటీ ఒక నిధి పెట్టింది: సంఘం సభ్యుడికి ఏడాదికి ఒక్క పెన్నీ చొప్పున చందా, అందులోంచి గెలిచిన ఎంపీకి ఏడాదికి 200 పౌండ్లు. అప్పుడు పౌండుకి 240 పెన్నీలు. లెక్క వేయండి, ఒక్క ఎంపీని నిలబెట్టడానికి 48,000 మంది కార్మికుల పెన్నీలు కావాలి! అలా 1906లో 29 మంది గెలిచారు, వాళ్ళ నాయకత్వ ఎన్నికలో హార్డీ ఒకే ఒక్క ఓటు తేడాతో నెగ్గాడు. నిజానికి సభలో పార్టీని నడిపే ఓపిక ఆయనకి తక్కువ. బయట జనంలో తిరగడం, ఆడవాళ్ళ ఓటు హక్కు కోసం కొట్లాడటం, ఇవే ఆయనకి ఇష్టం. 1907లో మన దేశానికీ వచ్చాడు, భారతీయులకి స్వపరిపాలన ఇవ్వాలన్నందుకు అక్కడి పత్రికలతో తిట్లు తిన్నాడు.

ఆ పెన్నీల దారి కూడా మూసేయాలని చూశారు. సంఘం సొమ్ము రాజకీయాలకి వాడకూడదని 1909లో ఆస్‌బర్న్ కేసులో తీర్పు వచ్చింది. కార్మిక ఎంపీలు చిక్కుల్లో పడ్డారు, దాన్ని మార్చాలని పోరాడారు. ఆ పోరాటం వల్లే 1911లో ఎంపీలకి ప్రభుత్వం ఏడాదికి 400 పౌండ్ల జీతం మొదలుపెట్టింది, 1913లో సంఘాలు విడిగా రాజకీయ నిధి పెట్టుకోవచ్చని చట్టమూ చేసింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హార్డీ వ్యతిరేకించాడు. సొంత నియోజకవర్గంలో, అబెర్‌డేర్‌లో, తనకి ఓటేసిన ఊళ్ళోనే జనం ఆయన్ని మాట్లాడనివ్వలేదు. 1915 సెప్టెంబర్ 26న గ్లాస్గోలో చనిపోయాడు, అప్పటికి 59 ఏళ్ళు. ఆ సీటుకి జరిగిన ఉపఎన్నికలో యుద్ధాన్ని గట్టిగా సమర్థించిన స్టాంటన్ గెలిచాడు. ఆయనా గని కార్మికుల సంఘం నాయకుడే, కాబట్టి కార్మికుడు గెలిస్తే చాలు అన్నీ అవే అవుతాయని నేను మీకు చెప్పలేను. 1922లో అదే మెర్థిర్ జనం, యుద్ధాన్ని వ్యతిరేకించిన వాల్‌హెడ్‌ని ఎన్నుకున్నారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే, ఇక మీరు అడగండి. సంఘాల్లో పనిచేసేవాళ్ళు ముందు మాట్లాడితే బాగుంటుంది, ముఖ్యంగా చందాల సంగతి.