డిస్క్ సంగతి క్వెరీలోనే తెలియాలి

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఇంతమంది డేటాబేస్ నేర్చుకుంటున్న పిల్లల ముందు మాట్లాడటం నాకు నిజంగా సంతోషం.

కొన్నేళ్ల కిందట చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూసేవాణ్ణి. సీజన్‌లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడతాయి. ఒక రాత్రి కాటా చీటీలు రావడం ఆగిపోయింది. డిస్క్ నిండిపోయింది. కోసిన కాయలతో రైతులు రోడ్డు మీద, లోపల మేము టెన్షన్‌తో. డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో లినక్స్‌లోని డీఎఫ్ కమాండ్ చెబుతుంది. డేటాబేస్ ఎంత పెరిగిందో క్వెరీ, అంటే డేటాబేస్‌ను మనం అడిగే ప్రశ్న, చెబుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు మాలో లేరు.

పోస్ట్‌గ్రెస్‌లో దీనికి 2013 నుంచి, అంటే 9.3 వెర్షన్ నుంచి, దారి ఉంది. కాపీ ఫ్రమ్ ప్రోగ్రామ్, అంటే ఒక కమాండ్‌ను నడిపి అది ఇచ్చే అవుట్‌పుట్‌ను నేరుగా టేబుల్‌లోకి తెచ్చేది. ఒకే టెక్స్ట్ కాలమ్‌తో టేబుల్ చేసి, డీఎఫ్ ఇచ్చేదాన్ని అందులోకి కాపీ చేయండి. ఒక్కో లైను ఒక్కో రో అవుతుంది. కాపీ ట్యాబ్ దగ్గర కాలమ్‌లు విడదీస్తుంది, డీఎఫ్ మాత్రం స్పేస్‌లు పెడుతుంది. అందుకే లైను మొత్తం ఒకే కాలమ్‌లో పడుతుంది, తర్వాత రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే అక్షరాల నమూనాను వెతికే సూత్రంతో, విడదీసుకోవచ్చు. డీఎఫ్‌కు పెద్ద పీ ఆప్షన్ ఇవ్వడం మరచిపోకండి. అది లేకపోతే పొడుగు పేర్లున్న చోట ఒక లైను రెండుగా విరిగే ప్రమాదం ఉంది. కమాండ్ ఫెయిలైతే కాపీ కూడా ఎర్రర్ ఇస్తుంది. ఇది నాకు బాగా నచ్చిన గుణం, తప్పుడు లెక్క నిశ్శబ్దంగా టేబుల్‌లో చేరదు.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ కమాండ్ నడిచేది మీ ల్యాప్‌టాప్‌లో కాదు, సర్వర్‌లో, పోస్ట్‌గ్రెస్ నడిచే యూజర్ పేరు మీద. అందుకే అన్ని అధికారాలూ ఉన్న సూపర్‌యూజర్‌కు, లేదా 11వ వెర్షన్ నుంచి అందుకోసమే ఉన్న ప్రత్యేక రోల్ ఇచ్చినవాళ్లకు మాత్రమే ఈ అనుమతి. మీ వెబ్ అప్లికేషన్ వాడే లాగిన్‌కు ఆ రోల్ ఇవ్వకండి, దయచేసి. ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే బయటివాళ్లు తమ ఆదేశాన్ని మీ క్వెరీలో దూర్చే లోపం, దొరికితే చాలు, దొంగ చేతికి టేబుల్ కాదు, సర్వరే వెళ్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇలాగే కమాండ్‌లు నడిపే ఎక్స్‌పీ కమాండ్‌షెల్‌ను 2005 వెర్షన్ నుంచి ఆపేసే ఇస్తున్నారు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఇలాంటి పనికి, బయటి ఫైల్‌ను టేబుల్‌లా చూపే ఎక్స్‌టర్నల్ టేబుల్‌కు ప్రీప్రాసెసర్‌గా ఒక ప్రోగ్రామ్ పెడతారు. మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌లోని సిస్టమ్ కమాండ్ వేరు, అది మీరు కూర్చున్న మెషీన్‌లోనే నడుస్తుంది.

ఆ రాత్రి తర్వాత మేము పది నిమిషాలకోసారి డిస్క్ ఖాళీని, డేటాబేస్ సైజును, టైమ్‌తో సహా ఒకే టేబుల్‌లో రాయించాం. మరుసటి సీజన్‌లో ఒక మధ్యాహ్నం క్వెరీ వేస్తే రాత్రికి డిస్క్ నిండేలా కనిపించింది. పాత బ్యాకప్‌లను వేరే డిస్క్‌కు మార్చాం. సాయంత్రం ట్రాక్టర్లు వచ్చేసరికి కాటా దగ్గర చీటీలు వస్తూనే ఉన్నాయి.